గుండెకు ఎడమ చూపిన కూలీలు



మనుష్యుని గుండె ఎడమవైపునకు ఒరిగి యుండునని అందఱును ఎఱుగుదురు. అది కుడివైపునకు ఒరుగక ఎడమకే ఏల ఒరిగినదని పసివాడు అడిగినచో ఏమి చెప్పవలెను? ఈ ప్రశ్నకు సమాధానము జీవకణములలో రేయింబవళ్లు పాటుపడు అతి సూక్ష్మములైన కూలీల కడ దొరకినది. వానికి శాస్త్రజ్ఞులు మోటారు మాంసకృత్తులని పేరిడిరి.

జీవకణము నీరు నిండిన తిత్తి మాత్రమే కాదు. అది చిన్న గ్రామము వంటిది. దానిలో సన్నని తంతువులును, సూక్ష్మనాళికలును బాటలై యున్నవి. ఆ బాటలను పట్టి పనిచేయు కూలీలలో ముఖ్యమైన తెగలు మూడు: మయోసిన్, కైనెసిన్, డైనీన్. మయోసిన్ కండలలోని తంతువులను పట్టి లాగును. నాగలి పట్టిన చేయి బిగియుటయు, అడుగు ముందునకు పడుటయు దాని పనియే. తెల్ల రక్తకణము పుండులోని సూక్ష్మజీవుల జాడ పట్టి పోవునప్పుడు, ముందువైపున ఆక్టిన్ తంతువులు పెరిగి పాదమువలె చాచుకొనును. వెనుకభాగమును మయోసిన్ ముడిచి ముందునకు లాగును.

కైనెసిన్ 1985లో అమెరికాలోని ఉడ్స్ హోల్ అను చోట, స్క్విడ్ అను సముద్రజీవి నాడులపై జరిగిన పరిశోధనలలో కనుగొనబడినది. దానికి రెండు పాదములు. వానిని ఒకదాని తరువాత నొకటి వేయుచు బరువు మోయును. అడుగు పొడవు 8 నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో అందొక భాగము నానోమీటరు. అయినను సెకనుకు సుమారు 100 అడుగులు వేయగలదు.

ఈ కూలీలకు కూలి ఏది? ఏ.టి.పి. అను రసాయనము. కైనెసిన్ వేయు ఒక్కొక్క అడుగునకు ఒక్కొక్క ఏ.టి.పి. అణువు వ్యయమగును. దీని చరిత్రలో ఒక తెలుగువారి పేరు నిలిచియున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1929లో హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి కండరమునుండి దీనిని వేఱుపఱచిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దీనిని కనుగొనిరి.

కూలికి దారి యుండిన చాలదు, దిక్కు తెలియవలెను. సూక్ష్మనాళిక కొనలు రెండును ఒక్కతీరుగా ఉండవు. కైనెసిన్‌లలో పెక్కు కణపు అంచువైపునకు పోవును. డైనీన్ కణమధ్యమునకు మఱలును. వెన్నుపామునుండి పాదము వరకు సాగిన నాడీకణపు పొడవు సుమారు ఒక మీటరు. ఆ దారిని సరకు వేగముగా పోయినను రెండు మూడు దినములు పట్టును. తిరుగుదారిలో ఒక ప్రమాదము కలదు. ముల్లు గ్రుచ్చుకొనిన గాయములో ధనుర్వాతపు క్రిములు చేరినచో, వాని విషము నాడిలో చొచ్చి, డైనీన్ మోయు బరువులలో కలిసి వెన్నుపామునకు ఎక్కును. నాడిలో చొచ్చిన విషమును మందు పట్టలేదు. కావుననే ముందుగా టీకా వేయించుకొనుట మేలు.

ఇక గుండె మాట. తల్లి కడుపులో పిండము ఏర్పడు తొలిదినములలో దానిపై ఒక చిన్న గుంట ఏర్పడును. అందలి కణములకు శైలికలనెడి సన్నని వెండ్రుకల వంటివి యుండును. డైనీన్ వానిని గిరగిర త్రిప్పగా అక్కడి ద్రవము ఎడమవైపునకు పారును. ఏది ఎడమయో పిండమునకు తెలుపునది ఆ పారుదలయే. 1998లో జపాను శాస్త్రజ్ఞులు ఎలుక పిండములలో దీనిని చూపిరి. అంతకు పూర్వమే 1976లో స్వీడను దేశీయుడైన బ్యోర్న్ అఫ్జీలియస్ కొందఱు రోగుల శైలికలలో డైనీన్ లోపించుట గుర్తించిరి. ఇట్టి లోపముతో పుట్టినవారిలో సుమారు సగముమందికి గుండె కుడివైపున నుండును. దారి చూపువాడు లేనప్పుడు కుడియెడమలు బొమ్మబొరుసు ఆటవలె తేలును.

వారికి మఱొక బాధయు కలదు. ఊపిరి గొట్టములలోని శైలికలు, కళ్లమును ఊడ్చు చీపురువలె, కఫమును దుమ్మును పైకి నెట్టును. డైనీన్ లేనిచో ఆ చీపురు కదలదు. దగ్గు చిన్ననాటినుండి వెన్నాడును. చుట్ట పొగయు, బీడీ పొగయు ఆరోగ్యవంతుల శైలికలను సైతము దెబ్బతీయును. పుట్టుకతో వచ్చిన లోపము ఎవరి చేతిలోను లేదు. పొగవలన కలుగు నష్టము మాత్రము ఎవరి చేతిలో వారికున్నది.

అడుగకయే పనిచేయు ఈ కూలీల పనికి అడ్డు రాకుండుటయే మనుష్యుడు వానికి చేయదగిన ఉపకారము.