పండుగ పనులు - తలంటు

సంక్రాంతి సమీపించినది. తెనాలి, రేపల్లె మాగాణులలో ధాన్యపు బస్తాలు మోసినవారికి నడుములు పట్టినవి. వాడరేవున వలలు లాగినవారికి భుజములు సలుపుచున్నవి. అరిసెలు వండుచు పొయ్యికడ నిలిచిన యిల్లాండ్రకు కాళ్లు బరువెక్కినవి. ఇట్టి సమయముననే మన పూర్వులు భోగినాడు తలంటు విధించిరి.

నువ్వులనూనెను గోరువెచ్చగా కాచి మర్దించినచో బిగిసిన కండరములు సడలును. నొప్పి కొంత తగ్గును. నిద్ర చక్కగా పట్టును. చలికి పగిలిన చర్మము మెత్తబడును. శిరస్సునకు, చెవులకు, పాదములకు ముఖ్యముగా నూనె రాచుకొనవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయమున చెప్పెను. అజీర్ణమున్నవారు మానవలెననియు నతడే చెప్పెను. కావున పిండివంటలు కడుపునిండ తిని, వెంటనే మర్దనమునకు కూర్చుండరాదు.

జ్వరము తగిలినప్పుడును, ఎముక విరిగినప్పుడును మర్దనము కూడదు. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినచో నెత్తురు గడ్డకట్టి యుండవచ్చును. దానిని పిసుకక వైద్యునికి చూపవలయును. పసిబిడ్డల ముక్కులో, చెవులలో నూనె పోయు నలవాటు మానవలయును. ముక్కున పోసిన నూనె ఊపిరితిత్తులలోనికి దిగి ప్రాణాపాయము కలిగింపగలదు.

చివర నొకమాట. పండుగనాడు పీటపై ముందుగా కూర్చుండువారము పెద్దలమగు మనమే. నూనె కాచి, నలుగుపిండి కలిపి, నీళ్లు తోడువారు మన కోడండ్రు, కూతుండ్రు. అందరికంటె నెక్కువగా అలసినవారు వారే. ఈ భోగినాడు ఇంటి యిల్లాలికి తలంటు ముందుగా జరుగునట్లు చూచుట మన పెద్దరికమునకు తగిన పని.