పండుగనాడు ఒక విస్తరి

ఇథియోపియా తల్లికి 1967లో ఇంగ్లండులో పుట్టిన కవి లెమ్ సిస్సే గురించి రెండు మాటలు. తల్లి పెట్టిన పేరు తీసేసి అక్కడి సంక్షేమ అధికారి అతన్ని నార్మన్ చేసి, ఒక కుటుంబానికి పెంపకానికి ఇచ్చాడు. ఆ కుటుంబం అతన్ని పన్నెండో ఏట వదిలేసింది. ఆపై ప్రభుత్వ బాలల గృహాలు, జాతి దూషణలు, హింస.

పద్దెనిమిదేళ్ళు వస్తుండగా ఒక ఉత్తరం చేతికొచ్చింది. బిడ్డను తిరిగి ఇవ్వమని 1968లో కన్నతల్లి రాసిన వేడుకోలు! ఎవరికీ అక్కరలేని వాణ్ణనుకున్న పిల్లవాడికి అదెంత పెద్ద మాట! అన్నేళ్ళూ అధికారులు దాన్ని తమ ఫైల్లో ఉంచడం క్షమించరాని తప్పు. ఇరవై ఒకటో ఏట తల్లిని కలుసుకున్నాడు. 2013లో మాంచెస్టర్‌లో, తనలా పెరిగిన యువతకు క్రిస్మస్ విందు మొదలుపెట్టాడు.

మీ ఊళ్ళో బాలల గృహం నుంచి బయటికొచ్చిన యువతీయువకులు ఉంటే, ఈ పండుగకు భోజనానికి పిలవండి.