బరువు తగ్గడమా, బలం పెంచుకోవడమా?
(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల్లో మనం గృహహింస గురించి, కూలి రేట్ల గురించి, ఆస్తి హక్కు గురించి చర్చించుకున్నాం. ఇప్పుడు నేను పొడుగు ఆడవాళ్ళ బరువు గురించి, బలం గురించి మాట్లాడతాను. ఇది కూడా హక్కుల సమస్యేనా అని మీలో కొందరికి అనుమానం రావచ్చు. మన శరీరం మీద మనకే అధికారం ఉండాలని మనం ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాం. కాన్పుల విషయంలో ఆ అధికారం ఎంత అవసరమో, ఎంత తినాలి, ఎంత బరువుండాలి, ఎంత బరువు ఎత్తగలగాలి అనే విషయాల్లోనూ అంతే అవసరం.

మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, అంటే 5 అడుగులు. కాబట్టి 5 అడుగుల 6 అంగుళాలున్న పిల్ల ఎక్కడికెళ్ళినా అందరి కళ్ళల్లో పడుతుంది. పదమూడో ఏటి నుంచే తాటిచెట్టు అనీ నిచ్చెన అనీ పిలుస్తారు. ఫొటోలో వెనక్కి వెళ్ళమంటారు. పెళ్ళిచూపుల నాటికి ఆ పిల్ల భుజాలు వంచి నడవడం నేర్చుకుని ఉంటుంది. ఇక ఆమె కాస్త ఒళ్ళు చేసిందంటే ఇంట్లో అనే మాట ఒకటే: "పొడుగు ఎటూ తగ్గించలేం, లావన్నా తగ్గు." ఎత్తు తగ్గించలేరు కనుక అన్నం తగ్గిస్తారు.

అసలు ఎత్తునే తగ్గించాలని చూసిన చరిత్ర కూడా ఉంది. 1950ల నుంచి అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ పొడుగవుతున్న ఆడపిల్లలకు వైద్యులు ఈస్ట్రోజెన్ హార్మోన్లను పెద్ద మోతాదుల్లో ఇచ్చారు. ఈ మందుతో ఎముకల చివర్లు ముందుగానే అతుక్కుపోయి ఎదుగుదల ఆగిపోతుంది. వాళ్ళకు ఏ జబ్బూ లేదు. పెద్దయ్యాక పెళ్ళి కాదేమోనన్నదే తల్లిదండ్రుల భయం. ఆ మందు తీసుకున్న స్త్రీలలో గర్భం రావడానికి ఇబ్బందులు ఎక్కువగా ఉన్నాయని ఆస్ట్రేలియా పరిశోధకులు 2004లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. పెళ్ళి కోసమని ఇచ్చిన మందే తర్వాత ఆ స్త్రీల సంతానానికి అడ్డుపడింది. మగపిల్లవాడు పొడుగైతే సంబరపడే సమాజం ఆడపిల్ల పొడుగైతే వైద్యం చేయించింది.

బరువును చూపి ఉపాధి మీద దెబ్బకొట్టడం మన దేశంలోనే జరిగింది. ఎయిర్ ఇండియా ఎయిర్ హోస్టెస్‌ల నియమాల మీద సుప్రీంకోర్టు 1981లో నర్గీస్ మీర్జా కేసులో తీర్పు చెప్పింది. మొదటి గర్భం రాగానే ఉద్యోగం తీసేసే నియమాన్ని కొట్టేసింది గాని, నాలుగేళ్ళ లోపు పెళ్ళి చేసుకోకూడదన్న నియమాన్ని ఉండనిచ్చింది. ఆ తర్వాత వివాదం బరువు మీదికి మళ్ళింది. బరువెక్కువైన ఎయిర్ హోస్టెస్‌లను విమానం ఎక్కనివ్వకపోవడం సరైనదేనని 2007లో ఢిల్లీ హైకోర్టు అంది. 2009లో కొందరిని ఉద్యోగాల్లోంచే తీసేశారు. పనిలో లోపమేమిటని అడిగితే చూపించింది తూకం కాగితమే.

ఇంతకీ ఈ తూకం ఏం చెబుతుంది? బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో వర్గం చేసి భాగిస్తే వచ్చే సంఖ్యను బి.ఎం.ఐ. అంటారు. 1830లలో బెల్జియం గణిత శాస్త్రజ్ఞుడు కెట్లే జనాభా సగటులు లెక్కించడానికి ఈ పద్ధతి కనిపెట్టాడు. ఆ పేరు మాత్రం 1972లో వచ్చింది. మన ప్రాంతపు మనుషులకు 18.5 నుంచి 23 లోపు ఉంటే మంచిదని లెక్క. 152 సెంటీమీటర్ల స్త్రీకి అది 43 నుంచి 53 కిలోలవుతుంది. 172 సెంటీమీటర్ల స్త్రీకి 55 నుంచి 68 కిలోలు. అంటే పొట్టి అక్కకు ఎక్కువనిపించే 60 కిలోలు పొడుగు చెల్లెలికి మామూలే. ఆడవాళ్ళంటే 55 కిలోలుండాలని చాలామంది అనుకుంటారు. ఆ బరువుకు తగ్గితే 172 సెంటీమీటర్ల మనిషి పోషణ లోపం అంచుకు చేరుతుంది.

పైగా బి.ఎం.ఐ.కి కండ ఏదో కొవ్వు ఏదో తెలియదు. గ్రామాల్లో పనిచేసే మీకు ఇంతకన్నా తేలికైన కొలత చెబుతాను. మనిషి ఎత్తుకు సరిపడా ఒక దారం తీసుకుని సగానికి మడవండి. ఆ సగం దారం నడుము చుట్టూ తిరిగి రెండు కొసలూ కలిస్తే మంచిదే. కలవకపోతే కడుపులో కొవ్వు పేరుకుంటోందని అర్థం. ఈ కొలత ఎవరి ఎత్తును బట్టి వాళ్ళకు సరిపోతుంది. యంత్రం అక్కర్లేదు, పదిమందిలో అంకె చదివి సిగ్గుపరచడమూ ఉండదు.

బరువు తగ్గనక్కర్లేదని నేను అనడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో అధిక బరువున్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. షుగరు, బి.పి., మోకాళ్ళ నొప్పులు మనం రోజూ చూస్తూనే ఉన్నాం. అదే సర్వేలో రక్తహీనత ఉన్న స్త్రీలు ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఒళ్ళు ఉంటుంది, ఒంట్లో రక్తం ఉండదు. ఇలాంటి మనిషిని తిండి మానెయ్యమంటే ఏమవుతుంది? వ్యాయామం లేకుండా తిండి మాత్రమే తగ్గిస్తే పోయే బరువులో సుమారు నాలుగో వంతు దాకా కండే పోతుంది. మళ్ళీ మామూలుగా తినగానే కొవ్వు తిరిగి వస్తుంది, కండ అంత తేలిగ్గా రాదు.

పొడుగు స్త్రీలకు ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. అమెరికాలో 90 వేల మంది నర్సులను ఏళ్ళ తరబడి పరిశీలించిన అధ్యయనం 1995లో వచ్చింది. పొట్టివాళ్ళతో పోలిస్తే పొడుగు స్త్రీలకు తుంటి ఎముక విరిగే ప్రమాదం బాగా ఎక్కువని అందులో తేలింది. వాళ్ళు పడితే ఎక్కువ ఎత్తు నుంచి పడతారు. ఎముకల బలం ముప్ఫై ఏళ్ళ లోపే గరిష్ఠానికి చేరుతుంది. బహిష్టులు ఆగిపోయాక వేగంగా తగ్గుతుంది. పెళ్ళి కోసం ఇరవై ఏళ్ళప్పుడు కడుపు మాడ్చుకున్న పిల్ల అరవై ఏళ్ళప్పుడు మంచాన పడి దాని బాకీ తీర్చుకుంటుంది.

"ఇంటిపని, పొలంపని చేస్తున్నాం గదా, ఇంకా వ్యాయామమెందుకు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని ఆ పని బలం పెంచేలా సాగదు. చీపురు పొట్టిది, పొయ్యి నేల మీద ఉంటుంది, వంటగట్టు సగటు మనిషి కోసం కట్టింది. అందరూ వంగుతారు, పొడుగు మనిషి ఇంకా ఎక్కువ వంగుతుంది. రోజంతా అదే నడుము, అదే భుజం అరుగుతాయి. బలం రావాలంటే ఒళ్ళంతా పనిచెయ్యాలి, బరువు కొద్దికొద్దిగా పెరగాలి, మధ్యలో విశ్రాంతి ఉండాలి. ఇంటిపనిలో ఈ మూడూ లేవు. విశ్రాంతి అసలే లేదు.

పొడుగు మనిషి బరువెత్తడంలో తేడా ఏమిటో కూడా తెలుసుకోవాలి. చేతులూ కాళ్ళూ పొడుగైతే అదే బరువును ఎక్కువ దూరం ఎత్తాలి, కాబట్టి శ్రమ ఎక్కువ. తొడ ఎముక పొడుగైతే గుంజీలు తీసేటప్పుడు ఒళ్ళు ముందుకు వాలుతుంది, భారం నడుము మీద పడుతుంది. జిమ్‌లో పక్కమ్మాయి చేసినట్టు చెయ్యలేకపోతే అది చేతకానితనం కాదు, ఎముకల కొలతల్లో తేడా. దానికి తగ్గట్టు పద్ధతి మార్చుకోవాలి.

జిమ్ లేకపోయినా ఐదు పనులతో మొదలుపెట్టవచ్చు. ఒకటి, కాస్త ఎత్తైన కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం. అది తేలికయ్యాక రెండు కిలోల బియ్యం సంచీ గుండెకు ఆనించుకుని లేవాలి. పాదాలు కొంచెం ఎడంగా పెట్టాలి. రెండు, సంచీని నేల మీద నుంచి కాకుండా పీట మీద నుంచి, వెన్ను నిటారుగా ఉంచి, తుంటి దగ్గర మాత్రమే వంగి ఎత్తడం. మూడు, గోడను రెండు చేతులతో తోయడం, క్రమంగా బల్లకు మారడం. నాలుగు, ఒక చెయ్యి బల్ల మీద ఆనించి ముందుకు వంగి, రెండో చేత్తో నీళ్ళ బిందెను పక్కటెముకల దాకా లాగడం. వంగిన భుజాలకు ఇదే మందు. ఐదు, రెండు చేతుల్లో సమానంగా బకెట్లు పట్టుకుని నిటారుగా నడవడం.

మొదటి నాలుగూ ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు, రెండు మూడు విడతలుగా చెయ్యాలి. చివరి రెండు సార్లూ కష్టమనిపించాలి. తేలికైపోతే అర కిలో, కిలో పెంచాలి. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. దాంతోపాటు వారానికి 150 నిమిషాలైనా చురుకైన నడక ఉండాలంది. ఊపిరి బిగబట్టకూడదు. గర్భసంచి జారినవాళ్ళూ, దగ్గితే మూత్రం పడేవాళ్ళూ, గర్భిణులూ, బి.పి. ఎక్కువున్నవాళ్ళూ ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఈ మాట సంఘం సమావేశంలో సిగ్గుపడకుండా అడగాల్సింది మనమే.

తిండి మాటకొస్తే, ఒకే వయసు, ఒకే బరువు ఉన్నా, 20 సెంటీమీటర్లు పొడుగున్న స్త్రీకి విశ్రాంతిలోనే రోజుకు సుమారు 125 కేలరీలు ఎక్కువ కావాలని వైద్యులు వాడే లెక్క చెబుతుంది. అందరికీ ఒకే 1200 కేలరీల చీటీ రాసివ్వడం ఆమెకు అన్యాయం. తగ్గించాల్సింది పంచదార టీలు, నూనె, అన్నం గుట్ట. పప్పు, గుడ్డు, పాలు, వేరుశనగలు తగ్గించకూడదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 70 కిలోల స్త్రీకి అది రోజుకు 58 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు ఉంటాయి. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన చారునీళ్ళతో ఈ లెక్క తేలదు. కాబట్టి వ్యాయామం మొదలుపెట్టే ఇంట్లో ముందు మారాల్సింది వడ్డన. వారానికి అర కిలో తగ్గితే చాలు. రక్తహీనత ఉంటే ముందు దానికి మందు వాడాలి.

ఇక మగరాయుళ్ళయిపోతామన్న భయం. కండలు అంతగా పెరగడానికి కావలసిన టెస్టోస్టిరాన్ మగవాళ్ళతో పోలిస్తే స్త్రీలలో చాలా తక్కువ. బలం వస్తుంది, ఒళ్ళు గట్టిపడుతుంది, అంతే. ఆధునిక ఒలింపిక్స్‌లో మగవాళ్ళు 1896 నుంచే బరువులెత్తారు. ఆడవాళ్ళకు ఆ అవకాశం 2000లో గాని రాలేదు. ఆ మొదటిసారే శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ స్త్రీ ఆమె. 1994, 1995లలో ఆమె 54 కిలోల వర్గంలో ప్రపంచ విజేత, సిడ్నీలో పోటీ చేసింది 69 కిలోల వర్గంలో. వెళ్ళేముందు కొందరు పత్రికలవాళ్ళు ఆమె లావెక్కిందని ఎగతాళి చేశారు. ఆ బరువుతోనే ఆమె పతకం తెచ్చింది. సుమారు 5 అడుగుల 10 అంగుళాలుండే పి.వి. సింధు 2016లో రజతం, 2021లో టోక్యోలో కాంస్యం గెలిచింది. ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆటగాళ్ళు. ఆ ఇంట్లో పొడుగు ఒక లోపం కాదు, పనికొచ్చే గుణం. మన ఇళ్ళల్లోనూ ఆ చూపు ఎందుకు రాకూడదు?

కాబట్టి మనం చెయ్యాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మన ఆరోగ్య శిబిరాల్లో బరువు గట్టిగా చదవడం మానేద్దాం. బరువుతోపాటు ఎత్తు, నడుము, రక్తం కొలుద్దాం. చెయ్యి ఆనించకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలిగిందో కూడా రాద్దాం. మూడు నెలల తర్వాత ఆమె సంతోషంగా చెప్పుకునే అంకె అదే అవుతుంది. పార్కుల్లో పెట్టిన వ్యాయామ పరికరాలు అందరికీ ఒకే కొలత. పొడుగువాళ్ళకు ఇరుకు, పొట్టివాళ్ళకు అందవు. వాటిని మార్చమనీ, స్త్రీలకు వెలుతురూ భద్రతా ఉండే వేళలు కేటాయించమనీ మున్సిపాలిటీలను అడుగుదాం. బడుల్లో ఆడపిల్లల ఆటల పీరియడు కుట్లూ అల్లికలకు పోకుండా చూద్దాం. పొడుగు చీపురు కట్టించుకోవడం, వంటగట్టు ఎత్తు పెంచుకోవడం చిన్న విషయాలని కొట్టెయ్యవద్దు. నడుము విరిగేది అక్కడే.

మీ ఊళ్ళో భుజాలు వంచి నడిచే పొడుగు పిల్ల ఒకరైనా ఉంటుంది. ఆ పిల్ల తల్లితో మాట్లాడండి. సన్నబడమని చెప్పే ముందు, ఆ పిల్ల రాత్రి ఏం తిన్నదో అడగండి. ఇక మీ ప్రశ్నలు వింటాను.