కొండదారిలో పాత జీపు, కొత్త బండి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా డి.ఏ. బకాయిల గురించో, రక్తపోటు గురించో ప్రసంగాలుంటాయి. ఈసారి కార్యదర్శిగారు నన్ను పట్టుకుని, "మీరు సర్వీసంతా వాహనాల విభాగంలోనే గడిపారు కదా, బండ్ల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఎందుకండీ అంటే, "మా అబ్బాయి ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొంటానంటున్నాడు. మా పాత జీపు ఎక్కిన కొండ ఇది ఎక్కుతుందా అని అడిగితే నవ్వుతున్నాడు" అన్నారు. ఇది చాలా ఇళ్లలో నడుస్తున్న వాదనే. పెద్దవాళ్లు జీపుని మించింది లేదంటారు. పిల్లలు ఆ డొక్కుబండి ఏమిటంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఎంతెంత ఉందో లెక్క చూద్దాం.

ముందు జీపు సంగతి. రెండో ప్రపంచ యుద్ధం కోసం 1941 నుంచి అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 6 లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. మన దేశంలో వాటిని బిగించడం మొదలుపెట్టింది మహీంద్రా సంస్థ. 1945లో ఆ సంస్థ పుట్టింది ఉక్కు వ్యాపారంతో. ఉక్కు నగరంలో ఉన్నాం గనక ఆ ముక్క చెప్పాలనిపించింది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల నుంచి సర్కారు పని ఎక్కడుంటే అక్కడ జీపు ఉండేది. మన వైపే చూడండి. 1955లో ఉత్పత్తి ప్రారంభించిన మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం, 1960 దశకంలో వేసిన కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం, ఆ తరవాత సీలేరు పనులు, అన్నీ కొండల్లోవే. అలాంటి చోట్లకి ఇంజనీరుగాని, సర్వేయరుగాని, డాక్టరుగాని వెళ్లాలంటే జీపే గతి.

యుద్ధకాలం నాటి విల్లీస్ జీపు ఇంజను 2.2 లీటర్లు, బలం 60 గుర్రాలు. బరువు సుమారు 1,100 కిలోలు. 1980 దశకంలో మహీంద్రా వారు ప్యూజో డీజిల్ ఇంజన్లు పెట్టారు. ఖర్చు తగ్గింది, శబ్దం పెరిగింది, బలం మాత్రం అరవై గుర్రాల దగ్గరే ఉండిపోయింది. 2020లో వచ్చిన కొత్త తరం థార్ తీసుకోండి. దాని డీజిల్ ఇంజను కూడా 2.2 లీటర్లే. కాని బలం 130 గుర్రాలు. అంటే అదే కొలత గిన్నెలో రెట్టింపు వంట. అయితే బరువూ 1,750 కిలోల దాకా పెరిగింది. వచ్చిన బలంలో కొంత ఆ బరువు మోయడానికే పోతుంది.

ఇక అసలు విషయం. రోడ్డు లేని చోట బండి నడవాలంటే గుర్రాల లెక్క అంత ముఖ్యం కాదు. చూడవలసినవి వేరే ఉన్నాయి.

మొదటిది, బండి పొట్ట నేలకి ఎంత ఎత్తున ఉంది అన్నది. విల్లీస్ జీపుకి ఇది ఎనిమిదీ ముప్పావు అంగుళాలు, అంటే సుమారు 222 మిల్లీమీటర్లు. కొత్త థార్‌కి 226. ఎనభై ఏళ్లలో పెరిగింది 4 మిల్లీమీటర్లు. రెండోది, మూతి గట్టుకి కొట్టుకోకుండా ఎంత నిటారు ఎక్కగలదు, దిగేటప్పుడు వెనక భాగం రాసుకోకుండా ఎంత వాలు దిగగలదు అన్నది. జీపుకి ముందు 45 డిగ్రీలు, వెనక 35. థార్‌కి ముందు సుమారు 42, వెనక సుమారు 37. ఇందులోనూ సమానమే అనుకోవచ్చు. మూడోది లో గేరు. పాత సీజే జీపులో చిన్న లేవరు లాగి లో గేరు వేస్తే చక్రాలకి చేరే బలం సుమారు రెండున్నర రెట్లు అయ్యేది. నేటి బండ్లలోనూ ఆ లెక్క రెండు, మూడు రెట్ల మధ్యనే ఉంది.

కాబట్టి పెద్దవాళ్ల మాట ఇంతవరకు నిజం. దారిలేని చోట నడిచే బండికి ఎలాంటి ఒడ్డూ పొడుగూ ఉండాలో ఆ జీపు గీసినవాళ్లే తేల్చేశారు. తరవాత వాళ్లు దాన్ని పెద్దగా మార్చలేకపోయారు.

పెద్ద బండ్ల చరిత్రా ఇలాంటిదే. జపానులో టొయోటా వారు 1951లో తమ జీపు లాంటి బండిని ఫుజి పర్వతం ఆరో మజిలీ దాకా ఎక్కించి చూపించారు. 1954లో దానికి లాండ్ క్రూజర్ అని పేరు పెట్టారు. 1990లో వచ్చిన తరం దగ్గర్నుంచి 2021లో వచ్చిన తరం దాకా, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,850 మిల్లీమీటర్లే. నాలుగు తరాలు మారినా ఆ కొలత మార్చలేదు. అంతకన్నా పొడుగైతే గుట్ట మీద పొట్ట ఆనుతుంది, పొట్టిదైతే కుటుంబం కూర్చోవడానికి చోటుండదు. 2021 బండిలో బరువు సుమారు 200 కిలోలు తగ్గించారు కూడా. బరువు తగ్గితే బురదలో దిగబడడం తగ్గుతుందని వాళ్లకి తెలుసు.

మరి మారిందేమిటి? మొదట మారింది ఇరుసు. జీపుకి ముందూ వెనకా కూడా ఒకే దూలం లాంటి గట్టి ఇరుసు. దీన్ని మన కావడిబద్దతో పోల్చుకోండి. ఒక పక్క లేస్తే రెండో పక్క దిగుతుంది. ఒక చక్రం రాయి ఎక్కితే రెండో చక్రం కిందికి ఒత్తుకుని నేలని వదలదు. పైగా ఇరుసు మధ్యనుండే హౌసింగ్ కూడా చక్రంతోపాటు కొంత పైకి లేస్తుంది, రాయి తగలదు. కాని తారు రోడ్డు మీద అదే ఇరుసు మన నడుములు విరగ్గొడుతుంది. అందుకని 1998లో లాండ్ క్రూజర్ ముందు చక్రాలు దేనికది విడిగా ఆడేటట్టు చేశారు. రోడ్డు మీద హాయి పెరిగింది. రాళ్లమీద నడిపేవాళ్లు మాత్రం పాతదే మేలని ఇప్పటికీ వాదిస్తున్నారు. 1948లో పుట్టిన లాండ్ రోవర్ సంగతీ అంతే. దాని వారసుడు డిఫెండర్ 2016 దాకా గట్టి ఇరుసులతోనే నడిచింది. ఆ సంస్థ 2008లో టాటాల చేతికి వచ్చింది. 2020లో వచ్చిన కొత్త డిఫెండర్‌లో నాలుగు చక్రాలూ విడివిడిగా ఆడతాయి. మన థార్ మధ్యే మార్గం పట్టింది, ముందు విడి చక్రాలు, వెనక గట్టి ఇరుసు. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన మారుతీ జిమ్నీకి మాత్రం రెండూ గట్టి ఇరుసులే.

రెండో మార్పు మరీ పెద్దది. డిఫరెన్షియల్ అనే భాగం గుణం నీటి గుణమే. నీరు పల్లమెరుగు అన్నట్టు, ఇంజను బలమంతా ఏ చక్రానికి అడ్డులేదో దానికే పోతుంది. ఒక చక్రం బురదలో గిర్రున తిరుగుతుంటే, పక్కనే గట్టి నేలమీదున్న చక్రం కదలదు. జీపులో అలా జరిగితే దిగి, చక్రం కింద రాళ్లో కొమ్మలో వేసి, నలుగురం తోయాల్సి వచ్చేది. నేటి బండ్లలో ఆ తిరిగే చక్రానికి యంత్రమే బ్రేకు వేస్తుంది. అప్పుడు బలం రెండో చక్రానికి మళ్లుతుంది. కొన్నింటిలో రెండు చక్రాలనూ కలిపి బిగించేసే ఏర్పాటూ ఉంది. 2007 లాండ్ క్రూజర్‌లో ఇంకో అడుగు వేశారు. ఒక మీట నొక్కి స్టీరింగు పట్టుకుంటే చాలు, యాక్సిలరేటరు, బ్రేకు బండే చూసుకుంటుంది, నత్తనడకన గుట్ట ఎక్కి దిగుతుంది. ఇక్కడ పిల్లల మాట నిజం. అదే గుంట, అదే బురద, అనుభవం లేని డ్రైవరు అనుకుంటే, కొత్త బండి సగర్వంగా బయటికి వస్తుంది, పాత జీపు అక్కడే ఉంటుంది.

భద్రతలో అయితే పోలికే లేదు. జీపులో మనకీ లోయకీ మధ్య ఉండేది కాన్వాసు గుడ్డ. బెల్టు లేదు, గాలిసంచి లేదు. థార్ 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 4 నక్షత్రాలు తెచ్చుకుంది. కొడుకు కొత్త బండి కొంటానంటే ఈ ఒక్క కారణానికైనా సంతోషించాలి.

అయితే యంత్రం తీసుకున్న పని ఒకప్పుడు మనిషి చేసిందే. ఆ పనితోపాటు మనిషి జాగ్రత్త కూడా పోకూడదని నా మనవి. దీనికి వాగు దాటడమే మంచి ఉదాహరణ. పెట్రోలు జీపు రోజుల్లో మా సీనియర్ డ్రైవరు ఒకాయన ఉండేవారు. వాగు కనబడితే బండి ఆపేవారు. పంచె ఎగ్గట్టి, కర్రతో లోతు చూసుకుంటూ తానే అవతలి గట్టుకి నడిచి వెళ్లి తిరిగి వచ్చేవారు. తరవాత ఫ్యాను బెల్టు ఊడదీసేవారు. ఫ్యాను తిరుగుతుంటే నీళ్లు చిమ్మి డిస్ట్రిబ్యూటరు తడిసి ఇంజను ఆగిపోతుంది, అందుకని. నేను తొందరపెడితే ఆయన ఒకటే మాట అనేవారు: "బాబూ, ముందు మనిషి దాటాలి, ఆ తరవాతే బండి."

ఇప్పుడు అంకెలు చూడండి. పాత డిఫెండర్ 500 మిల్లీమీటర్ల నీటిలో నడవగలదనేవారు, కొత్తది 900 అంటున్నారు. థార్ 650, లాండ్ క్రూజర్ 700. గొప్ప అభివృద్ధే. కాని ఈ కొలతలు బండిలోకి, ఇంజనులోకి నీరు పోకుండా ఉండే లోతువి. పారే నీటి తోపుకి ఇవి హామీ కావు. పారే నీరు 2 అడుగులుంటే పెద్ద బండ్లను కూడా కొట్టుకుపోగలదని అమెరికా వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది. 2 అడుగులంటే సుమారు 600 మిల్లీమీటర్లు, అంటే కంపెనీ చెప్పిన లోతుకన్నా తక్కువే. పైగా కొత్త బండి తలుపులు గట్టిగా బిగిసి ఉంటాయి కాబట్టి లోపలికి నీరు రాదు, బండి తెప్పలా తేలుతుంది. తేలిన చక్రానికి పట్టు ఎక్కడిది? ఏ కంప్యూటరూ దానికి చేయగలిగిందేమీ లేదు. వానాకాలం ఏజెన్సీ గెడ్డల సంగతి మనకి తెలియనిది కాదు. కొండమీద వాన పడితే ఇక్కడ ఎండగా ఉండగానే నీరు దిగుతుంది.

ఘాట్ రోడ్డు దిగడం కూడా అంతే. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని మనకి నేర్పారు. అనంతగిరి ఘాట్ అయినా, పాడేరు ఘాట్ అయినా, బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ఎంత ఖరీదైన బండి బ్రేకైనా వేడెక్కుతుంది. బరువెక్కువ బండికి ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. ఆటోమేటిక్ బండ్లలో కూడా గేరు తగ్గించే ఏర్పాటు ఉంటుంది. లంబసింగికో, వంజంగి మేఘాలు చూడడానికో చీకట్లో బయలుదేరే మన పిల్లలకి ఈ ఒక్క మాట చెప్పి పంపండి.

ఇంకొక సంగతి, బండి వెడల్పు. విల్లీస్ జీపు వెడల్పు 62 అంగుళాలు, అయిదడుగుల చిల్లర. థార్ సుమారు 6 అడుగులు. లాండ్ క్రూజర్ ఆరున్నర. తరం మారినకొద్దీ బండ్లు లావెక్కాయి, కొండ బాటలు లావెక్కలేదు. బొర్రా గుహల దగ్గర్నుంచి కటికి జలపాతానికి యాత్రికులను తీసుకెళ్లేవి చాలావరకు ఇప్పటికీ పాతకాలపు జీపులే. అవి సన్నంగా ఉంటాయి, గీత పడితే ఎవరూ బాధపడరు, చెడితే రెండు స్పానర్లతో చెట్టుకింద బాగవుతాయి. కొత్త బండిలో సెన్సారు ఒకటి మొరాయిస్తే దాన్ని లారీ మీద విశాఖపట్నం తేవాలి.

మన ఏజెన్సీలో దారి అన్నది ఎప్పుడూ చిన్న విషయం కాదు. నర్సీపట్నం - చింతపల్లి దారి పనిలో గిరిజనులచేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించడం అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకి ఒక కారణం. 1922 ఆగస్టు 22న ఆయన మొదట పట్టుకున్నది చింతపల్లి పోలీసు స్టేషనునే. నూరేళ్లు గడిచి, 2022లో ఆయన పేరున పాడేరు కేంద్రంగా జిల్లా వచ్చింది. అయినా గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చారన్న వార్త నేటికీ పేపర్లో చదువుతూనే ఉన్నాం. బాటలు సన్నమనే 2018లో ఏజెన్సీలకి మోటారు సైకిలు అంబులెన్సులు ఇచ్చారు. కోటి రూపాయల బండి వెళ్లలేని చోటికి రెండు కర్రలూ, దుప్పటీ, నలుగురు మనుషులూ వెళుతున్నారు. ఏ బండి గొప్పదని పిల్లలతో వాదించేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. జీపు గొప్పతనం గుట్ట ఎక్కడంలో లేదు, ఆ గుట్టమీద ఉన్నవాళ్ల దగ్గరికి ఒక డాక్టరునో, మందుల పెట్టెనో చేర్చడంలో ఉంది. బండ్లు ఎంత మారినా వాటికి ఆరడుగుల దారి కావాలి. అది వేయడం ఏ కంపెనీ పనీ కాదు, సర్కారు పని, అడగడం మన అందరి పని.

చివరగా, బండి కొనబోయేవారికి మూడు మాటలు. పెద్దగా, ఎత్తుగా కనిపించే ప్రతి బండీ ఫోర్ వీల్ డ్రైవ్ కాదు. చాలావాటిలో రెండు చక్రాలకే బలం వెళుతుంది. నాలుగు చక్రాలకీ వెళ్లినా కొన్నింటిలో లో గేరు ఉండదు. షోరూములో అడిగి తెలుసుకోండి. రెండోది, సగం పట్టు టైర్లదే. నున్నగా అరిగిన టైరుతో ఎర్రమట్టి బురదలో ఏ బండీ నిలవదు. మూడోది, లో గేరు నెలకొకసారైనా ఖాళీ మట్టినేల మీద వేసి కొంచెం దూరం నడపండి. వాడని లేవరు అవసరానికి కదలదు, వాడని మనిషికి అది గుర్తూ రాదు.

కార్యదర్శిగారి ప్రశ్నకి జవాబు ఇదీ. వాళ్ల అబ్బాయి బండి ఆ కొండ ఎక్కుతుంది, సుఖంగా ఎక్కుతుంది. వాగు దగ్గర మాత్రం దిగి లోతు చూసుకోమని చెప్పండి.