తలుపు మూసుకొన్న ఇంటికి తోడు

 

ఉగాది పచ్చడిలోని చేదును అందరం పంచుకొంటాము. మనస్సుకు జబ్బు చేసిన మనిషి ఉన్న ఇంటి చేదును మాత్రం ఆ ఇంటివారికే వదిలివేస్తున్నాము. పరువు పోతుందని వారు తలుపు మూసుకొంటారు, మనం తట్టము.

ఆ దాపరికం ఎందాకా పోయిందో ఈ తమిళదేశంలోనే చూచాము. 2001 ఆగస్టు 6న ఏర్వాడిలో పాకకు నిప్పంటుకొని, గొలుసులతో కట్టిన 28 మంది రోగులు మరణించారు. గొలుసు వేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించినది.

కుందారపల్లి నుండి హోసూరు మీదుగా పోతే బెంగుళూరులో నిమ్హాన్స్ ఆస్పత్రి ఉన్నది. ప్రభుత్వంవారు 2022లో పెట్టిన టెలీమానస్‌కు, అనగా 14416కు, ఫోను చేస్తే రాత్రింబగళ్లు ఉచితంగా, తెలుగులో కూడ సలహా చెప్పుతారు.

మనం చేయవలసినది కొంచెమే. ఆస్పత్రికి ఒకరు వెంట పోవాలి. భాష రానివారికి మాట సాయం చేయాలి. మందులు మధ్యలో ఆగకుండా చూడాలి. కనిపెట్టుకొని ఉండే తల్లికి ఒక పూట విశ్రాంతి ఇవ్వాలి. పెండ్లికీ పండుగకూ ఆ ఇంటిని పిలవాలి.

ఈ పనికి మన సంఘంలో నలుగురైనా నేడే పేర్లు ఇవ్వవలెనని ప్రార్థిస్తున్నాను.