చీకటి వేళ మేల్కొను చేప: జెల్ల



గోదావరీ కృష్ణా తీరములవారికి జెల్ల క్రొత్త చేప కాదు. దాని పులుసు రుచి ఎరుగని యిల్లు ఏటియొడ్డున అరుదు. అయినను దాని బ్రదుకు ఎరిగినవారు తక్కువ. లోకము నిద్రించు వేళ మేల్కొనుట దాని స్వభావము.

పగటివేళ జెల్ల రాళ్ల సందులలోను, నాచు మాటునను అణగియుండును. చీకటి పడగానే నీటి అడుగున మేతకు బయలుదేరును. పురుగులు, చిన్న రొయ్యలు, ఎఱ్ఱలు దాని ఆహారము. బురదనీటిలో కన్ను చేయలేని పనిని మీసములు చేయును. నోటి చుట్టును నాలుగు జతల మీసములు కలవు. మానవునకు రుచి నాలుకపై నుండగా, జెల్లకు మీసములపైనను కలదు. తాకుటయు, రుచి చూచుటయు దానికి ఒక్కటే పని.

దీనికి పొలుసులు లేవు. ఆ లోటును మూడు ముండ్లు తీర్చుచున్నవి: వీపున ఒకటి, ప్రక్కరెక్కలకు రెండు. శత్రువు పట్టినపుడు ఇవి నిక్కి బిగిసికొనును. చేతికి గ్రుచ్చుకొనినచో విషమువలన మిక్కిలి సలుపును. ఆ విషము వేడికి చెడునది. కనుక గాయమును కడిగి, ఓర్వగల వేడినీటిలో ఉంచిన బాధ తగ్గును. ముల్లు లోపల విరిగినను, వాపు పెరిగినను వైద్యుని చూడవలెను.

చారల జెల్లను 1794లో బెర్లిను వైద్యుడు బ్లాక్ శాస్త్రలోకమునకు తెలిపెను. 1803లో పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణపు చేపలు రెండువందలను బొమ్మలతో ప్రకటించుచు, వాని తెలుగు పేర్లనుగూడ చేర్చెను. 1877లో ఫ్రాన్సిస్ డే ఒక సముద్రపు చేపకు ‘ఏరియస్ జెల్ల’ అని పేరిడెను. పల్లెకారుల నోటిమాట అట్లు ప్రపంచ గ్రంథములలో స్థిరపడినది.

పేరు నిలిచినది. ఊరి చెరువులో చేప నిలుచునా? వానకాలమున క్రొత్తనీరు రాగానే జెల్ల గ్రుడ్లు పెట్టును. ఆ వేళనే తూముల కడ సన్నకన్నుల వలలు అడ్డుపడిన, ఒక పూట కూరకై మరుసటి యేటి సంతతి పోవును. చేల పురుగుమందు వాననీటితో చెరువు చేరి పిల్లచేపలను చంపును. వాని మేతను నశింపజేయును.

బొచ్చె, శీలావతి పిల్లలను కొనితెచ్చి చెరువులో విడుచువారు కలరు. జెల్ల మాత్రము చాలవరకు తనంత తానే వృద్ధిపొందవలెను. క్రొత్తనీటి దినములలో వల ఆపుట, వేసవిలో చెరువు నడుమ ఒక మడుగునైనను ఎండనీయకుండుట, మందు డబ్బాలను చెరువులో కడుగకుండుట: ఇవి ధనమడుగని పనులు. గ్రామస్థులు ఒక్కమాటపై నిలిచిన రాబోవు తరముల పిల్లలు జెల్లను పుస్తకములోనే గాక, చెరువులోను చూడగలరు.