అటు గట్టున కొన్నాళ్ళు



మనవాళ్ళలో కొందరు ఇక్కడి ప్రభుత్వ శాఖల్లో కంప్యూటర్ పనులు చూస్తున్నారు. ఇంకెందరో ఆ శాఖలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీల్లో ఉన్నారు. ఈ గట్టు మీది కష్టం ఆ గట్టుకు తెలియదు.

ఈ దూరం తగ్గించాలని అమెరికా ప్రభుత్వం 2002 డిసెంబర్‌లో, ఈ-గవర్నమెంట్ చట్టంలో ఒక వీలు కల్పించింది. ప్రభుత్వ ఐటీ నిపుణుడు కంపెనీకి, కంపెనీ నిపుణుడు ప్రభుత్వానికి 3 నెలల నుంచి ఏడాది దాకా వెళ్ళవచ్చు. మరో ఏడాది పొడిగించుకోవచ్చు. ప్రభుత్వోద్యోగి బయట ఎంతకాలం ఉంటే, తిరిగొచ్చాక అంతకాలం ప్రభుత్వంలో పనిచేయాలి. కంపెనీ మనిషి జీతం కంపెనీదే. ఆ ఖర్చు ప్రభుత్వం మీద వేయకూడదు.

టెండరు గుట్టు తన కంపెనీకి మోసుకుపోతే? అందుకే అతనికీ ప్రభుత్వోద్యోగుల నీతి నియమాలు వర్తింపజేశారు.

వినడానికి బాగుంది కదూ! ముందుకొచ్చినవారు మాత్రం బహు కొద్దిమంది. 2007 డిసెంబర్‌తో గడువు తీరిపోయింది. 2009లో మరో చట్టం రక్షణ శాఖ వరకు మళ్ళీ ఈ తలుపు తెరిచింది.

తలుపు తెరిస్తే చాలదు. మంచి ఇంజనీరును ఏడాదిపాటు వదులుకోవడానికి ఏ మేనేజరుకు మనసొప్పుతుంది? చిక్కంతా అక్కడే.

కంపెనీలు నడిపే మిత్రులకు నా మనవి ఒకటే. ఇలాంటి అవకాశం వస్తే బెంచి మీద ఉన్నవాణ్ణి కాదు, లేకపోతే మీకు పని జరగనివాణ్ణి పంపండి. ఫైలు ఎందుకు ఆగుతుందో తెలుసుకుని తిరిగొచ్చినవాడు, రేపు ఆ ఫైలు ఆగని సాఫ్ట్‌వేర్ రాస్తాడు.